గవ్వ బొమ్మ వేసిన నాణెం

నా చిన్నప్పుడు మా ఇంట్లో మూడు సంగతులు బయట చెప్పకూడదని నియమం ఉండేది. నాన్న జీతమెంతో, అమ్మ వయసెంతో, నేనెక్కడ పుట్టానో. మొదటి రెండూ నాకే తెలియవు కాబట్టి ఆ రహస్యాలు భద్రంగానే ఉన్నాయి. మూడోది మాత్రం తెలుసు. నేను పుట్టింది పశ్చిమ ఆఫ్రికాలోని ఘనా దేశంలో, ఉత్తరాన ఉన్న టమాలే అనే ఊళ్ళో. అమ్మ అక్కడ ఆసుపత్రిలో నర్సు, నాన్న రోడ్ల ఇంజనీరు. నాకు నాలుగేళ్ళు వచ్చాక ముగ్గురం అమెరికా వచ్చి, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో స్థిరపడ్డాం.

నన్ను బడిలో చేర్చేటప్పుడు, పుట్టిన ఊరు అని అడిగిన చోట నాన్న గుంటూరు అని రాశారు. అమ్మ అదేమిటని అడిగితే, "ఘనా అని రాస్తే వంద క్వశ్చన్లు వేస్తారు. గుంటూరు అని రాస్తే ఒక్కటే వేస్తారు, స్పెల్లింగేంటని" అన్నారట. ఇంగ్లీషులో మొదటి అక్షరం వరకూ నిజమే చెప్పారు కదా అని నేను సరిపెట్టుకున్నాను.

ఇందులో నాన్న తప్పు మాత్రమే కాదు, అక్కడి మా తెలుగువాళ్ళ లెక్క కూడా ఉంది. ఇండియా నుంచి తిన్నగా అమెరికాలో దిగినవాళ్ళు ఒక మెట్టు పైన, దారిలో ఆఫ్రికాలో కొన్నేళ్ళు ఆగి వచ్చినవాళ్ళు ఒక మెట్టు కింద. ఈ మెట్లు ఎవరు కట్టారో తెలియదు గానీ అందరూ జాగ్రత్తగా ఎక్కి దిగేవారు. ఆదివారం మధ్యాహ్నం ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంటులో మా తెలుగు ఆరాధన జరిగేది. ప్రార్థనయ్యాక పులిహోర, కోడికూర, వాటి మధ్యలో నంజుకోవడానికి 'వయా ఆఫ్రికా బ్యాచ్' మీద జోకులు. ఆ జోకులు వేసే అంకుల్ ఒకాయన ఉండేవారు. మనిషి మంచివారే, పియానో మోయడానికి అందరికంటే ముందు వచ్చేవారు. ఆయన జోకు వేసినప్పుడల్లా నాన్న అందరికంటే గట్టిగా నవ్వేవారు. మనం ఆ బ్యాచ్ కాదు అని చెప్పడానికి అంతకంటే తేలిక దారి లేదు మరి.

అలాంటి ఇంటికి, నాకు పదేళ్ళప్పుడు, ఎనభైల మొదట్లో, మా పెద్దమ్మ వచ్చింది. అమ్మకి అక్క. టమాలేలో ఆడపిల్లల హైస్కూల్లో పన్నెండేళ్ళు లెక్కలు చెప్పింది. అసలు అమ్మానాన్నా అక్కడికి వెళ్ళిందే ఆవిడ ఉందన్న ధైర్యంతో. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "పేపర్లు దిద్దడంతోనే సరిపోయింది" అనేది. సూట్‌కేసులో సగం చీరలు, సగం సర్టిఫికెట్లు పెట్టుకుని వచ్చి, నా గదిలో రెండో మంచం వేయించుకుంది.

ఇక్కడ కూడా లెక్కలే చెబుతానని సర్టిఫికెట్లు చూసే ఆఫీసుకి కాగితాలు పంపింది. రెండు నెలలకి జవాబొచ్చింది. గుంటూరు డిగ్రీ సరే, ఘనాలో చేసిన పన్నెండేళ్ళు మాత్రం అనుభవం కింద లెక్కలోకి రావట. ఆవిడ ఆ ఉత్తరం రెండుసార్లు చదివి, మడతలు పడకుండా సర్టిఫికెట్ల పైన పెట్టింది. నాన్న మంచి మనసుతోనే సలహా ఇచ్చారు.

"వదినగారూ, ఆ ఘనా ఇయర్స్ రెజ్యూమెలో తీసెయ్యండి. ఇండియాలో ఏదో కాన్వెంట్‌లో చేశానని పెట్టండి. ఎవరు చెక్ చేస్తారు?"

"తీసేస్తే నా వయసు కూడా పన్నెండేళ్ళు తగ్గుతుందా మరిదిగారూ? అట్లయితే ఇప్పుడే తీసేద్దాం" అంది పెద్దమ్మ, కూరగాయలు తరుగుతూనే.

ఉద్యోగం లేని లెక్కల టీచరు ఇంట్లో ఉంటే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. నేనే బడినయ్యాను. రోజూ ఎక్కాలు, ఒక పేజీ తెలుగు దస్తూరి. ఊరికే రాయమంటే ఈ పిల్ల రాయదని తెలుసు కాబట్టి ఆవిడ జీతం పెట్టింది. ఆ రోజుల్లో బ్రెడ్ ప్యాకెట్ మూతి బిగించడానికి ఒక చిన్న ప్లాస్టిక్ బిళ్ళ వచ్చేది, మధ్యలో కంతతో. ఏదీ పారెయ్యని మా అమ్మ వాటిని ఒక సీసా నిండా దాచింది. పేజీకి ఒక బిళ్ళ. పది బిళ్ళలకి అరగంట టీవీ. నలభై కూడబెడితే శనివారం చక్రాల బూట్లు తొడుక్కుని తిరిగే రోలర్ స్కేటింగ్ రింక్‌కి తీసుకెళ్తారు. మా క్లాసులో రింక్ చూడనిదాన్ని నేనొక్కదాన్నే. టీవీ కూడా మానుకుని ముప్పైఎనిమిది బిళ్ళలు దాచాను. నా జీవితంలో అంతటి క్రమశిక్షణ మళ్ళీ కనిపించలేదు.

అదే వారం బడిలో ఒక హడావిడి మొదలైంది. శుక్రవారం సాయంత్రం తల్లిదండ్రులు వచ్చి క్లాసులు చూసే రోజు. లైబ్రరీలో అద్దాల బీరువాలో ప్రపంచ నాణేలు పెట్టాలని మా టీచరు తలచింది. ఎవరి కుటుంబం ఎక్కడినుంచి వచ్చిందో అక్కడి నాణెం తేవాలి. దాని కింద ఒక అట్టముక్క. దాని మీద దేశం పేరు, బొమ్మ గురించి రెండు ముక్కలు, తెచ్చినవాళ్ళ పేరు. అమ్మ నాకు అంచులు వంకీలు తిరిగిన మన పది పైసల బిళ్ళ ఇచ్చింది. పెద్దమ్మ ఏమీ అనకుండా తన పర్సులోంచి ఇంకొక నాణెం తీసి నా అరచేతిలో పెట్టింది. ఘనా వాళ్ళ ఒక సెడి. బాగా వాడిన నాణెం. దాని మీద రాజు లేడు, రాణి లేదు, సింహం లేదు. ఒక గవ్వ ఉంది. మనం అష్టాచెమ్మా ఆడే గవ్వ, వెల్లకిలా పడుకుని పళ్ళు చూపిస్తూ.

"ఇదీ పెట్టు. నువ్వు పుట్టిన ఊరి బజార్లో తిరిగిన డబ్బు" అంది.

రెండూ పట్టుకెళ్ళాను. పది పైసల కింద నా పేరు రాశాను. సెడి దగ్గరికొచ్చేసరికి నాకు నాన్న నియమం గుర్తొచ్చింది. దానితోపాటు నాకున్న జబ్బు కూడా మేలుకుంది. ఏ గదిలోనైనా నలుగురుంటే వాళ్ళని నవ్వించకపోతే నాకు ఊపిరాడేది కాదు. అందుకని ఆ అట్టముక్క మీద నా పేరు వెయ్యకుండా ఇలా రాశాను: 'ఈ దేశంలో గవ్వలే డబ్బు. చిల్లర అడిగితే ఇసుక ఇస్తారు.' పైకి చదివి వినిపించాను కూడా. క్లాసంతా పగలబడి నవ్వింది. చర్చి అంకుల్ గారి అబ్బాయి నా క్లాసే, వాడు కుర్చీలోంచి కింద పడ్డాడు. ఆ కుర్చీ కాలు ముందే ఊగుతోందనుకోండి. టీచరు కూడా నవ్వి, అట్టని అలాగే బీరువాలో పెట్టేసింది.

రాత్రి భోజనాల దగ్గర ఈ విజయం వర్ణించి చెప్పాను. నాన్న నవ్వబోయి, పెద్దమ్మని చూసి, ఆ నవ్వుని దగ్గులోకి మార్చుకున్నారు.

"అందరూ నవ్వారా?" అంది పెద్దమ్మ.

"అందరూ."

"మీ టీచరు?"

"ఆవిడ కూడా."

"ఊఁ" అని అన్నంలో మజ్జిగ పోసుకుంది. అంతే. తిట్టలేదు, ముఖం మాడ్చుకోలేదు. నేను హాయిగా నిద్రపోయాను కూడా.

మర్నాడు, బుధవారం, రెండు పేజీలు రాసి ముప్పైతొమ్మిదో బిళ్ళకీ నలభయ్యో బిళ్ళకీ చెయ్యి చాచాను. పెద్దమ్మ బిళ్ళలు ఇవ్వలేదు. ఈ రోజునుంచి ఇంట్లో బ్రెడ్ బిళ్ళలు చెల్లవని చెప్పింది. ఇకమీదట టీవీకైనా రింక్‌కైనా కోటు బొత్తాలే ఇవ్వాలి. బొత్తాలు ఆవిడ డబ్బాలో ఉన్నాయి. కావాలంటే సింకులో గిన్నెలు తోమాలి. సింకు ఖాళీ అయితే ఒక బొత్తాం. రింక్‌కి నలభై బొత్తాలు.

"నేను రాసి సంపాదించుకున్నాను కదా ఇవి?"

"రాశావు. సంపాదించావు. ఎవరు కాదన్నారు? చెల్లవన్నాను."

"ఎందుకు చెల్లవు?"

"ప్లాస్టిక్ ముక్కలు డబ్బేంటమ్మాయ్? మీ టీచరుకి చెబితే నవ్వుతుంది."

"అక్కా, పాపం దానికి శనివారం..." అని అమ్మ ఏదో అనబోయింది. పెద్దమ్మ ఆవిడ వంక చూసింది. లెక్కల టీచర్లకి ఒక చూపుంటుంది, అమ్మ మళ్ళీ పోపులోకి వెళ్ళిపోయింది.

శనివారం లోపల నలభై సింకులు తోమాలంటే మా వీధి వీధంతా మా ఇంట్లో తినాలి. ఆ మాటే అన్నాను. తర్వాత వంటింటి మధ్యలో నిలబడి అన్యాయం గురించి పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. చాలా గొప్పగా వచ్చింది, చివర్లో ముక్కు కారడం తప్ప. గదిలోకి వెళ్ళి తలుపేసుకుని ఆలోచించాను. గిన్నెలు తోమితే ఆవిడ మాట ఒప్పుకున్నట్టు. తోమకపోతే రింక్ పోతుంది. ఒక గంట గడిచాక రింక్ పోతే పోయిందని తేల్చుకున్నాను. అమ్మ కుట్టు డబ్బాలోంచి ఎర్ర దారం తీసి, ముప్పైఎనిమిది బిళ్ళలనీ కంతల్లోంచి గుచ్చి, దండ చేసి మెడలో వేసుకున్నాను. అలాగే భోజనానికి వెళ్ళి కూర్చున్నాను. గాజుల గలగలకి బదులు ప్లాస్టిక్ టకటక.

"మీ బొత్తాలు నాకొద్దు. రింకూ వద్దు. ఇవి డబ్బే" అన్నాను.

నాన్న దేవుడి వైపు చూసినట్టు పైకప్పు వైపు చూశారు. పెద్దమ్మ మాత్రం నన్నూ ఆ దండనీ చూసి, మా ఇంటికొచ్చాక మొదటిసారి, పళ్ళన్నీ కనబడేలా నవ్వింది. నవ్వి, కంచం పక్కకి జరిపి, గవ్వ సంగతి చెప్పింది.

ఆ గవ్వ ఆఫ్రికాది కాదట, మనవైపు సముద్రంలోదట. మాల్దీవుల దగ్గర ఏరి, ఓడల్లో బెంగాలుకీ మన తీరాలకీ తెచ్చేవారు. అక్కడినుంచి యూరపు ఓడలు మూటలకి మూటలు తీసుకుపోయి పశ్చిమ ఆఫ్రికాలో దించేవి. దించి, ఖాళీ అయిన ఓడల్ని మనుషులతో నింపుకునేవి. అంటే గవ్వలిచ్చి మనుషుల్ని కొనేవారు. ఈ మాట చెబుతున్నప్పుడు అమ్మ "చిన్నపిల్ల అక్కా" అంది. "ఆ ఓడల్లో కూడా చిన్నపిల్లలున్నారు" అని పెద్దమ్మ ఆపకుండా చెప్పుకుపోయింది.

అలా వచ్చిన గవ్వ ఆ ఊళ్ళలో వందల ఏళ్ళు డబ్బుగా నడిచింది. వీపున చిల్లి పెట్టి దారానికి గుచ్చేవారు. మనకి చిల్లిగవ్వ అంటే దేనికీ కొరగానిది. అక్కడ చిల్లి ఉంటేనే దండకెక్కేది, దండకెక్కితేనే బజారుకి వెళ్ళేది. టమాలేలో పెద్దమ్మ అద్దెకున్న ఇంటి ముసలావిడ తల్లికి ఒక కుండెడు గవ్వలుండేవట. ఆడపిల్లకి పెళ్ళి, కరువొస్తే తిండి, అన్నీ ఆ కుండలోనే. దొరలు వచ్చారు. పన్ను మా నాణేల్లోనే కట్టాలి, గవ్వలు చెల్లవు అన్నారు. ఆ నాణేలు దొరల దగ్గరే ఉంటాయి. కావాలంటే దొర చెప్పిన రోడ్డు వెయ్యాలి, దొర చెప్పిన మూట మొయ్యాలి. నాకు గిన్నెల సింకు కళ్ళముందు కనిపించింది.

ఆ తల్లి కుండ పారబొయ్యలేదు. బజార్లో కూరలమ్మే ఆడవాళ్ళు కూడా, దొర అటు తిరగ్గానే, చాలా ఏళ్ళు గవ్వలు పుచ్చుకుంటూనే ఉన్నారు. తర్వాత దేశానికి స్వతంత్రం వచ్చింది. మన డబ్బుకి ఏం పేరు పెట్టుకుందామని ఆలోచించి, వాళ్ళ భాషల్లో ఒకదానిలో గవ్వకున్న పేరే పెట్టుకున్నారు. సెడి అంటే అదే. పెట్టుకుని, నాణెం మీద ఆ బొమ్మే వేశారు.

"చెల్లదన్నవాళ్ళ నాణేలు వెళ్ళిపోయినయ్. చెల్లదన్న గవ్వ నాణెమెక్కి కూర్చుంది. దాంట్లో ఏడుపుంది, అవమానముంది, అన్నీ ఉన్నయ్. అయినా దాచుకోలా. తీసి అందరి చేతుల్లో పెట్టారు" అంది పెద్దమ్మ.

నేను మెల్లగా, నా మీద కోపం వచ్చిందా అని అడిగాను.

"కోపమెందుకే? నీ లెక్క తప్పింది, అంతే. నవ్వినవాళ్ళని లెక్కపెట్టావు. ఎవరిని చూపించి నవ్వించావో చూసుకోలా. ఆ ముసలావిడ నిన్ను వీపున కట్టుకుని తిప్పింది, మీ అమ్మ డ్యూటీకి పోయినప్పుడు."

ఈ మాట నాకు ఎవరూ చెప్పలేదు. నాన్న కంచంలోకి చూస్తున్నారు. చెప్పకూడని మూడో సంగతిలో ఇంత పెద్ద మనిషి ఉందని అప్పటిదాకా నాకు తెలియదు.

గురువారం పొద్దున్న టీచరు బల్ల దగ్గరికి వెళ్ళి, అట్టముక్క మార్చి రాస్తానన్నాను. కొత్త అట్టలు అయిపోయాయంది. ఆ నాణెం నాదని నా పేరు వెయ్యాలన్నాను. నీ పేరు ఇండియా నాణెం కింద ఉంది కదా అంది. నేను టమాలేలో పుట్టానన్నాను. ఆవిడ సొరుగులోంచి ఫైలు తీసి, గుంటూరు అని ఉన్న చోట వేలు పెట్టి చూపించింది. అంతకుముందు వారం వరకూ ఇలాంటి చోట నేను ఒక జోకు వేసి తప్పుకునేదాన్ని. ఆ రోజు జోకు రాలేదు. ఆ ఫారం తప్పు, మేడమ్, నేను కరెక్ట్ అన్నాను. ఆవిడ నా ముఖం చూసి, తన బుక్‌మార్కుగా వాడుకుంటున్న అట్టముక్కని పుస్తకంలోంచి తీసి ఇచ్చింది. నవ్విందే గానీ, మనిషి మంచావిడే.

శుక్రవారం సాయంత్రం నాన్న ఆఫీసు టైతోనే బడికి వచ్చారు. అట్ట మార్చిన సంగతి ఆయనకి నేను చెప్పలేదు. పెద్దమ్మ మంచి పట్టుచీర కట్టి, దాని మీద అమ్మ పాత ఓవర్‌కోటు తొడుక్కుంది. బీరువా దగ్గర పదిమంది దాకా ఉన్నారు. చర్చి అంకుల్ వంగి, వాళ్ళబ్బాయి నాణెం చూసి, పక్కనున్నది చదవడం మొదలెట్టారు. ఆయనది ఆరాధనలో లేఖనం చదివే గొంతు, లైబ్రరీ అంతా వినబడింది. 'ఘనా, ఒక సెడి. ఈ గవ్వని ఒకప్పుడు చెల్లదన్నారు. వీళ్ళు దాన్ని నాణెం మీద వేసుకున్నారు. నేను ఈ దేశంలో పుట్టాను.' కింద నా పేరు.

ఆయన నెమ్మదిగా నిటారుగా నిలబడి నాన్న వైపు తిరిగారు.

"ఏంటండీ ఇది? పాప గుంటూరులో పుట్టిందన్నారుగా? మీరూ వయా ఆఫ్రికానేనా?"

నాన్న ముఖం నాకిప్పటికీ గుర్తుంది. గట్టిగా నవ్వడానికి నోరు సిద్ధమైంది కూడా. పెద్దమ్మ ఆయన వైపు చూడనే లేదు, సెడినే చూస్తోంది. నేను మాత్రం చూస్తున్నాను. ఆయన నవ్వితే నా అట్టముక్క జోకైపోతుంది. ఈసారి నేను వేసిన జోకు కాదు, నా మీద జోకు.

నాన్న టై సరిచేసుకున్నారు.

"గుంటూరులో పుట్టింది నేనండీ. పాప టమాలేలోనే పుట్టింది. ఫారం నేనే ఫిల్ చేశాను, తప్పు రాశాను. సోమవారం వచ్చి కరెక్ట్ చేయిస్తాను" అన్నారు. అక్కడితో ఆగకుండా, "అక్కడ నేను వేసిన రోడ్డుంది. మంచి రోడ్డు" అన్నారు. ఆ రోడ్డు గురించి ఆయన నోట వినడం అదే మొదలు. ఆ పైన పావుగంట సేపు దాని గురించే చెప్పారు. కంకర ఎక్కడినుంచి వచ్చింది, వానకి ఎంత కొట్టుకుపోయింది, మళ్ళీ ఎలా వేశారు. అడిగి తప్పు చేశానని అంకుల్‌కి త్వరలోనే అర్థమైంది. ధిక్కారం వీరోచితంగా ఉంటుందని పుస్తకాల్లో రాస్తారు. మా నాన్న ధిక్కారంలో ఎక్కువ భాగం కంకరే.

శనివారం నన్ను రింక్‌కి తీసుకెళ్ళారు. బిళ్ళలు మళ్ళీ చెల్లాయి, బుధవారం ఆగిపోయిన రెండూ కూడా చేతికొచ్చాయి. గంటలో అరగంట నేలమీదే ఉన్నాను, దీనికోసమా ఇంత ఏడ్చాను అనిపించింది.

పెద్దమ్మ ఆ ఆఫీసుకి పన్నెండేళ్ళూ వివరంగా రాసి మళ్ళీ పంపింది, ఏ సంవత్సరం ఏ క్లాసుకి ఏ లెక్కలు చెప్పిందో సహా. మళ్ళీ కాదన్నారు. మూడోసారి పంపింది. ఈసారి పన్నెండింట్లో ఆరేళ్ళు ఒప్పుకున్నారు. ఇంకో పరీక్ష రాసి, పక్క ఊరి బడిలో చేరి, ముసలిదయ్యేదాకా అమెరికా పిల్లల్ని కూడా ఎక్కాలతో ఏడిపించింది. మిగతా ఆరేళ్ళ సంగతేంటని నాన్న అడిగితే, "అవి నా దగ్గర చదువుకున్న పిల్లలకి తెలుసులెండి" అంది.

ఇప్పుడు నాకే యాభై దాటాయి. నవ్వించే జబ్బు తగ్గలేదు, తగ్గించుకోవాలని కూడా లేదు. కానీ ఆ వారం తర్వాత ఒక అలవాటు నాతో ఉండిపోయింది. ఏ గదిలోనైనా నోరు విప్పేముందు, అక్కడ అందరికంటే పెద్ద కుర్చీలో ఎవరు కూర్చున్నారో చూసుకుంటాను. జోకు అటువైపే వేస్తాను. దీనివల్ల నాకు రెండు ప్రమోషన్లు పోయాయి. మూడోది కూడా పోయేలాగే ఉంది.